టేపక్క రాసిన తేదీలు

ఆమె దగ్గర గౌను కుట్టించుకునే ఆడవాళ్ళందరికీ నడుము ఒక అంగుళం తక్కువే. కొలత తీస్తూ పైకి ముప్ఫై ఆరు అంటుంది, పుస్తకంలో ముప్ఫై ఏడు వేసుకుంటుంది. గౌను సరిగ్గా పడుతుంది, వేసుకున్నావిడ సంతోషంగా వెళ్తుంది. "దీన్ని అబద్ధమంటే ఎలా? మర్యాద కదా" అంటుంది. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుంటుంది కాబట్టి మా వీధిలో అందరికీ ఆమె టేపక్క. ఆ టేపు పని కోసమే అనుకున్నాను నేనూ. మెడ చుట్టూ నల్లబడిన చర్మం కనబడకుండా వేసుకుంటుందని, చాలాకాలం తర్వాత ఆమె చెబితేనే తెలిసింది.

పెళ్ళయి ఆరేళ్ళు, పిల్లల్లేరు. నెలసరి ఒక నెల వస్తే రెండు నెలలు రాదు. గడ్డం కింద వెంట్రుకలు మొలిస్తే, గౌను వేసి చూసుకునే గదిలో గడియ పెట్టుకుని, దారాలు తెంపే చిన్న కత్తెరతో కత్తిరించుకునేది. చివరికి ధైర్యం చేసి వెళ్తే, డాక్టరమ్మ స్కానింగ్ తీయించి పీసీఓఎస్ అన్నారు.

"నీటిబుడగలు అంటారే, అవేనాండీ?"

"బుడగలని అంటారు గానీ, ఎదగకుండా మధ్యలో ఆగిపోయిన అండాలమ్మా అవి. నాలుగైదు కిలోలు తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. తీపి, మైదా తగ్గించు. రోజూ అరగంట నడువు. వేళకి పడుకో."

అలా చెప్పి ఒక నోటుపుస్తకం ఇచ్చారు. ఏం తిన్నదీ, ఎంత నడిచిందీ, నెలసరి ఏ తేదీన వచ్చిందీ అందులో రాసి తీసుకురావాలి.

మొదటి నెల ఉన్నదున్నట్టు రాసింది. చక్కెర టీ, నాలుగు బిస్కట్లు, మధ్యాహ్నం మిషను ముందే ఒక బన్ను. నడక ఐదు రోజులు. నెలసరి గడి ఖాళీ. ఆసుపత్రిలో నర్సు ఆ పుస్తకం తిరగేసి, బెంచీల మీద పదిమంది వింటుండగా, "ఈ నెల కూడా రాలేదా? ఇన్ని బిస్కట్లు తింటే ఎలా వస్తుంది?" అంది.

"అందరూ నా పొట్ట వంకే చూశారు. లెక్కపెట్టాను, తొమ్మిది మంది" అని చెప్పింది టేపక్క.

ఆ తర్వాత పుస్తకంలో నాలుగు బిస్కట్లు రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి. గడి కూడా ఖాళీగా ఉండలేదు. పైకి చెప్పే కొలత ఒకటి, అసలుది ఒకటి, చేతికి అలవాటైన పనే. కాకపోతే ఈసారి అసలు కొలత ఎక్కడా రాసిపెట్టుకోలేదు. ఇరవైతొమ్మిది రోజులకోసారి తేదీ వేసింది, సుద్దతో గీత గీసినంత చక్కగా.

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నాలుగో నెల ఆయన కూడా వెంట వెళ్ళాడు. డాక్టరమ్మ పుస్తకం చూసి తలాడించారు.

"బరువు తగ్గకపోయినా తేదీలు బాగున్నాయి. ఇక మీ ఆయనకి కూడా పరీక్ష చేయిద్దాం."

ఆయన నేల చూపులు చూస్తూ "సరేనండి" అన్నాడు. పరీక్ష రెండు వారాల తర్వాత. "అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది" అంటుంది టేపక్క. తెరవలేదు.

లోపం తనలోనే ఉందని ఆయన ఖాయం చేసుకున్నాడు. చక్కెర మానేశాడు, సిగరెట్లు మానేశాడు. పనికి వెళ్ళిన చోటల్లా మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి దుకాణానికి వచ్చిన తోటి మెకానిక్కు పడీపడీ నవ్వాడు. "మీ ఆయనకేమైంది వదినా? పదకొండంతస్తులు మెట్లెక్కుతున్నాడు. మేం లిఫ్టు బాగుచేసి పెడితే, వాణ్ణి చూసి జనం ఇంకా బాగవలేదనుకుని వాళ్ళూ మెట్లే ఎక్కుతున్నారు." టేపక్కకూ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఆ ప్యాంటు రెండంగుళాలు ఎక్కువ కత్తిరించేసింది.

అత్తగారి సంగతి ఇంకా కష్టం. ఆరేళ్ళుగా దెప్పిన మనిషి, పరీక్ష సంగతి చెవిన పడి, ఒక ఉదయం కొడుకు పనికి వెళ్ళాక ఎదురుగా కూర్చుని, ఉడికిన గుడ్డు ఒలిచి కోడలి పళ్ళెంలో పెట్టింది. "మావాడిలో లోపం పెట్టుకుని నిన్ను నానా మాటలూ అన్నానే. మనసులో పెట్టుకోకమ్మా" అంది.

"ఆ గుడ్డు తిన్నాను" అంది టేపక్క నాతో. "అంతేకాదు, ఆవిడ అలా మంచిగా ఉంటే నాకు హాయిగా కూడా ఉంది. అది తలుచుకుంటేనే ఇప్పటికీ తల ఎత్తలేను."

పరీక్ష రోజు పొద్దున ఆయన మంచం అంచున కూర్చుని బూట్లు వేసుకుంటూ అన్నాడు: "ఇదిగో, లోపం నాదేనని తేలితే అమ్మకి నువ్వే చెప్పు. నాకు నోరు రాదు."

"ఆ తేదీలు నేను వేసుకున్నవండీ."

"ఏ తేదీలు?"

"పుస్తకంలోవి. నాలుగు నెలల పైనే అయింది నాకు వచ్చి."

ఆయన చేతిలో లేసు అలాగే ఉండిపోయింది. "మరి నేను మెట్లెక్కుతుంటే చూస్తూ కూర్చున్నావా?"

"ఊఁ."

"నాతో చెప్తే ఏమనేవాణ్ణి?"

"ఏమీ అనరు. అందుకే చెప్పలేకపోయాను."

బస్సులో ఆయన కిటికీ వైపే చూశాడు. డాక్టరమ్మ ముందు ఆమె కూర్చోకుండానే, నర్సు వింటుండగానే, అంతా చెప్పేసింది. ఆవిడ కలం కింద పెట్టారు.

"ఇన్ని నెలలు రాకపోతే గర్భసంచి లోపలి పొర మందం కడుతుందమ్మా. దానికి మందివ్వాలి. ఈ తేదీలు నమ్మి నేను ఊరుకున్నాను." తర్వాత ఆయన వైపు తిరిగారు. "మీ పరీక్ష మాత్రం ఎలాగైనా చెయ్యాల్సిందే. నేనే మొదట్లో రాసి ఉండాల్సింది. ఇంతకీ బిస్కట్లు ఎన్నమ్మా?"

"నాలుగు. ఒక్కోరోజు ఆరు."

"సరే. ఆరు దగ్గర్నుంచి మొదలుపెడదాం."

ఆయన ఫలితం బాగానే వచ్చింది. ఇక మిగిలింది అత్తగారు. ఆయన చెబుతానన్నా టేపక్క ఒప్పుకోలేదు, తనే చెప్పింది. అత్తగారు విని, కూరగాయలు తరుగుతున్న చెయ్యి ఆపకుండానే, "అయితే ఆ రోజు నేను నీతో అన్న మాట నాకు వెనక్కిచ్చెయ్" అంది. ఆ తర్వాత మూడు రోజులు మాటల్లేవు.

నాలుగో రోజు టేపక్క నడకకు బయల్దేరుతుంటే వెనకనుంచి చెప్పుల చప్పుడు. "నేనూ వస్తున్నా. ఎంత నడిచావో నీ పుస్తకంలో చూసే ఓపిక నాకు లేదు, కళ్ళతోనే చూస్తా."

ఇప్పుడు రోజూ పొద్దున మా వీధిలోంచే వెళ్తారు. మందుకు నెలసరి ఒకసారి వచ్చిందట. బరువు కిలోన్నర తగ్గిందట. ఇంకా ఏదీ తేలలేదు. అత్తగారు ముందు నడుస్తుంది, టేపక్క రెండడుగులు వెనక. పక్కన నడవొచ్చుగా అని అడిగాను.

"నడవొచ్చు" అంది. "పక్కన నడిస్తే ఆవిడ మొహం చూడాలి కదా. ఇంకొన్నాళ్ళు పోనీ."