చెమటకు చెరగని పాటలు: మా రంగమ్మత్త ఏరి తెచ్చిన ప్రింటర్

మా మేనత్త, నాగలమడిక కోలాట బృందానికి గురువు, రంగమ్మ ఇక లేదన్న వార్త నాకు సోలార్ పార్కులో పని మీదుండగా అందింది. ఫోను చేసింది బృందంలోని సరస్వతక్క. "అత్త పోయింది మే. యాడున్నా వచ్చేయి" అన్నది. ఎదుట కనుచూపు మేరా పలకలు ఎండలో ధగధగలాడుతున్నాయి. ముందురోజు పొద్దున నా జడ సరిగా లేదని తిట్టిన మనిషి ఆ రోజుకు లేకపోవడమేమిటని మనసు వాదనకు దిగింది. మృత్యువుతో వాదనకు దిగి నెగ్గినవారు లేరు. అయినా దాచడమెందుకు, ఆ దుఃఖంలోనే నాకు గర్వం కూడా పొంగింది. మా అత్త గెలిచి వెళ్లింది. ఆ విజయగాథను ఆమెను ఎరిగినవారికీ, ఎరుగనివారికీ నివేదించడానికే ఇది రాస్తున్నాను.

గొర్రెల కాపరుల ఇంట పుట్టిన రంగమ్మ బడి ముఖం చూడలేదు. తల్లి దగ్గరా, మేనత్తల దగ్గరా విన్న కోలాటం పాటలన్నీ ఆమె కంఠంలో నిక్షిప్తమై ఉండేవి. ఎన్ని వచ్చునని ఎవరైనా అడిగితే, "నీళ్లు తోడుకునేటప్పుడు బావిలో ఎన్ని బిందెలుండాయని అడగరప్పా" అనేది. ఆమె గొంతెత్తితే పినాకిని ఏటి ఇసుకకు అవతల మేస్తున్న మేకలు కూడా తలెత్తుతాయని మా నాన్న వేళాకోళమాడేవాడు. గురువు చరణం అందించాలి, బృందం దాన్ని తిరిగి పాడాలి. మా కోలాటం పద్ధతి అదే. ముందు నడిచే గొంతు ఉన్నంతకాలం వెనుక గొంతులకు పాట గుర్తుంచుకునే అవసరమే రాలేదు.

ఆ గొంతే పోయింది. గడ్డ లేచిందని శస్త్రచికిత్స చేసిన వైద్యులు, ప్రాణానికి భయం లేదు గానీ పాట మాత్రం ఇక రాదన్నారు. గుసగుస ఒక్కటే మిగిలింది. ఆసుపత్రి నుంచి వచ్చిన నాడు బృందమంతా మా వాకిట్లో కూర్చుని, ఆమె సంతోషం కోసం ఒక పాట ఎత్తుకుంది. పల్లవి దాటి ఒక్కరికీ ముందుకు సాగలేదు. అందరూ అత్త ముఖం చూశారు. ఆమె పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. ఆమె కంట నీరు నేను చూసింది అప్పుడే. తనకేదో అయిందని కాదు, తనతోపాటు ఆ పాటలూ మట్టిలో కలిసిపోతాయని ఆ ఏడుపు. నన్ను దగ్గరికి పిలిచి, "నీ కంప్యూటర్లో పాటలు రాయొచ్చా మే?" అని చెవిలో అడిగింది.

కర్ణాటకలోని మా పావగడ సీమలో ఇంట్లో మాట తెలుగు, బడిలో రాత కన్నడ. బృందంలో చదువుకున్నవాళ్లంతా కన్నడ బడిలో చదివినవాళ్లే. అందువల్ల తెలుగు పాటలను కన్నడ అక్షరాల్లో కొట్టాను. ఆమె గుసగుసగా చెప్పడం, నేను కొట్టి పైకి చదవడం, తప్పు చదివితే వీపు మీద ఒక్కటి పడడం. పని నుంచి ఇంటికి రాగానే రోజూ ఇదే నా సంగీత శిక్షణ. బంధువుల ఇంట మూల పడి ఉన్న ఇంకు ప్రింటర్ ఒకటి తెచ్చి, ప్రతి కాగితం నెత్తినా రంగుల కృష్ణుణ్ణి పెట్టి అందరికీ పంచాను. మురిసిపోయారు.

ఆ మురిపెం ఒక్క సాయంత్రం నిలిచింది. కోలాటం ఆడేవాళ్ల రెండు చేతుల్లోనూ కోలలుంటాయి, కాగితం ఎక్కడ పట్టుకుంటారు? మావాళ్లు వక్కాకు సంచి దోపుకున్నట్టే దాన్ని మడిచి నడుముకు దోపుకున్నారు. ఆట ఊపందుకున్నాక, తర్వాతి పాటకని విప్పి చూస్తే కృష్ణుడూ లేడు, పాటా లేదు. చెమటకు ఇంకంతా కరిగిపోయింది. సరస్వతక్క నడుమంతా నీలం. మాకు ఏడుపొచ్చింది, అత్తకు నవ్వొచ్చింది. "పాట ఇప్పుడు నీ నడుము మీదుండాది. అద్దం తెచ్చుకొని పాడుకోమే" అన్నది. మేం కోలాటం ఆడాల్సిన ఊరి తేరు పండగ దగ్గరపడుతోంది. మరునాడే నన్ను వెంటబెట్టుకుని పావగడ బస్సెక్కింది.

కొండ కింది బజారులో మాకు తెలిసిన శెట్టిగారి కంప్యూటర్ల అంగడి ఉంది. "ఏంది రంగమ్మక్కా, సోలారోళ్లు నిన్ను గూడా ఆఫీసులో చేర్చుకున్నారా?" అంటూ ఆయన కుర్చీ వేశాడు. ఆమె గుసగుసను గట్టిగా పలికే పని నాది. "చెమటకు చెరగని మిషను చూపించప్పా. వెల ఒక పొట్టేలు ధర దాటకూడదు." ఆయన లేజర్ ప్రింటర్లు చూపించాడు. "వీటిలో ఇంకుండదక్కా. నల్లపొడిని వేడి చేసి కాగితానికి అంటిస్తాది. నెలల తరబడి వాడకపోయినా ఎండిపోదు." వట్టి మాట నమ్మే రకం కాదు మా అత్త. ఒక కాగితం తీయించి, కొంగు తడిపి బరబరా రుద్దింది. అక్షరం కదల్లేదు. ఆమె కళ్లు మెరిశాయి.

రంగుల లేజర్ ధర వినగానే చెయ్యి అడ్డం ఊపింది. "కృష్ణుడు నల్లనోడే కదప్పా. నలుపు చాలు." నకళ్లు కూడా తీసే మిషను ఉందన్నాడాయన. "నకలు తీసేదానికి అసలు కాగితం నా కాడ యాడుండాది? అంతా ఈడుండాది" అని నెత్తి తట్టుకుంది. చివరికి రెండు మిగిలాయి. బాగా చౌకగా ఉన్నదానికి నేను మొగ్గాను. అత్త నన్ను పక్కకు నెట్టి, "గొర్రెను కొనేటప్పుడు మేత గూడా చూస్తాం. ఇది ఏం తింటాది?" అని అడిగింది. శెట్టిగారు నవ్వి ఉన్నమాట చెప్పాడు. చౌకదానికి పొడి అయిపోతే ప్రతిసారీ కొత్త డబ్బానే కొనాలి, దాని ధర మిషను ధరకు దరిదాపుల్లో ఉంటుంది. రెండోదానికైతే పాత డబ్బాలోనే పొడి నింపి ఇస్తారు, అదీ తన అంగట్లోనే. అత్త రెండోదాని మీద చెయ్యి వేసింది. పొట్టేలు ధరకు మించిన ఆ కాస్తను ఆయన తగ్గించాడు, తేరు నాడు తన ఇంటివాళ్ల ముందు ఒక పాట ఆడాలన్న షరతు మీద. "ఇంట్లో యూపీఎస్‌కు తగిలించొద్దక్కా, వేడెక్కేటప్పుడు కరెంటు గట్టిగా లాగుతాది" అని జాగ్రత్త కూడా చెప్పి పంపాడు.

అందుకని కరెంటు పోతే మా ముద్రణాలయానికి సెలవు. ఊరి చుట్టూ ఎండను కరెంటు చేసే పలకలు, నా జీతం ఆ పలకల మధ్యనే, ఇంట్లో మిషనుకు మాత్రం కరెంటు లేదు. "పగలంతా ఎండను మేపుకొస్తావు, పాలు యాడ పోస్తున్నావే?" అని నన్ను ఎత్తిపొడిచేది. కరెంటు రాగానే నా కంచం ముందు నుంచి నన్ను లేపేసేది. బృందంలోని ముసలి కళ్లకు ఆనేలా పెద్ద అక్షరాల్లో, మిషనులోంచి వెచ్చవెచ్చగా వచ్చిన ప్రతి కాగితాన్నీ చెంపకు ఆనించుకునేది.

తేరు నాటి మధ్యాహ్నాన్ని వర్ణించడానికి నా భాషాపాండిత్యం చాలదు. మండుటెండలో బృందం వలయం కట్టింది. అత్త తాళాలు పట్టుకుని మధ్యలో నిలబడింది, నోరు మూసుకుని. సరస్వతక్క చరణం ఎత్తుకుంది, మిగతావాళ్లు అందుకున్నారు. చెమటలు ధారలు కట్టాయి, తడిసిన కాగితాల మీద అక్షరాలు చెక్కుచెదరలేదు. సాయంత్రానికి విచిత్రమేమంటే, ఎవరూ కాగితం తీయడం లేదు. పాట నోటికి వచ్చేసింది. శెట్టిగారి ఇంటివాళ్లు మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. అత్త నా భుజం పట్టుకుని, "గెలిచినాం మే" అన్నది. ఆ గుసగుస ఆ కోలాహలమంతటినీ మించి నాకు వినబడింది.

ఆ తర్వాత నిడుగల్లు నుంచీ, చుట్టుపక్కల పల్లెల నుంచీ ఆడవాళ్లు పాటలడుగుతూ వచ్చారు. ఎవరినీ ఉత్తచేతులతో పంపలేదామె. ఊరి సొత్తు బయటివాళ్లకెందుకని ఎవరో సణిగితే, "మూట గట్టి దాచిపెడితే చివరికి మూటే మిగుల్తాదప్పా, పాట మిగల్దు" అన్నది. అలాంటి ఔదార్యం, అలాంటి మొండితనం ఒకే మనిషిలో మళ్లీ చూస్తానన్న నమ్మకం నాకు లేదు.

నిన్న ఆమెను సాగనంపడానికి ముందు సరస్వతక్క నా దగ్గరికొచ్చింది. "మేమంతా కలిసి కట్టినాం. రాసుకో మే" అని ఒక కొత్త పాట చెప్పింది, అత్త మీద. నేను కొట్టాను. కరెంటు ఉంది. బృందంలో తలా ఒక కాగితం తీసుకున్నారు, దారి పొడుగునా పాడారు. కళ్లనీళ్లు పడ్డా అక్షరం చెదరలేదు. అత్తా, నీ పాటలన్నీ మాకు వచ్చు. ఈ ఒక్కటి నీకు రాదు. నేర్పుదామంటే నువ్వు లేవు.