సైరన్ మోగితే లోపలికా, బయటికా

పాప బడిలో ఫైర్ డ్రిల్ పెడుతున్నారనీ, సాయానికి ఒక తల్లి కావాలనీ అన్నప్పుడు ముందు చెయ్యెత్తింది నేనే. డిగ్రీలో కెమిస్ట్రీ చదివి ఇస్నాపూర్‌లో రెండు గదుల కిరాయింట్లో కూర్చున్నదాన్ని, ఏదో ఒక పని దొరికితే చాలనిపించేది. అసలు సంగతి భయం. పాప చదివే రెండో తరగతి గది మేడ మీద. దిగడానికి మెట్లు ఒక్కవైపే. ఆ మెట్ల కింద విరిగిన బెంచీలు. రోజూ పాపను దింపి వచ్చేటప్పుడు నా కళ్లు వాటి మీదికే పోయేవి.

పెద్ద మేడమ్ గదిలో ఆమె, పాప క్లాస్ టీచర్, నేను కూర్చుని ఒక కాగితం మీద బడి బొమ్మ గీసుకున్నాం. ఏ తరగతి ముందు దిగాలి, ఎవరు వెనక నడవాలి, గ్రౌండ్‌లో ఎక్కడ నిలబడాలి, అన్నీ రాసుకున్నాం. బెంచీలు తీయించారు. అంతా కుదిరింది, గంట దగ్గర మాత్రం ఆగిపోయాం.

"గంట కొడితె పిలగాండ్లు బ్యాగులేసుకొని సీదా ఇంటికే ఉరుకుతరు మేడమ్," అని క్లాస్ టీచర్ నవ్వింది. "మొన్న జెర జల్దీ కొడితేనే సగం మంది గేటు కాడ ఉన్నరు."

అప్పుడు నేనే అన్నాను, సైరన్ పెడదామని. మా ఆయన జిన్నారం దిక్కు మందుల కంపెనీలో పనిచేస్తాడు. అక్కడి సేఫ్టీ వాళ్లను అడిగితే చేత్తో తిప్పే సైరన్ ఒక్క పూటకు ఇస్తారు.

"సదువుకున్న తల్లి ఉంటె గిట్లుంటది," అంది పెద్ద మేడమ్. ఆ మాట ఇంటిదాకా మోసుకెళ్లాను.

డ్రిల్ రోజు నా పని గ్రౌండ్‌లో నిలబడి రెండో తరగతి పిల్లలను లెక్కపెట్టడం. ఆ పూట ముప్పై రెండు మంది వచ్చారు. సైరన్ సన్నగా మొదలై చెవులు చిల్లులు పడేలా లేచింది. పిల్లలు ముందువాళ్ల భుజాలు పట్టుకుని దిగారు, సగం నవ్వుతూ, సగం అరుస్తూ. మెట్ల మీద ఒకడు చెప్పు జారిందని కూర్చున్నాడు. అందరి వెనక రావాల్సిన క్లాస్ టీచర్ ముందుకొచ్చి వాణ్ని లేపుతోంది.

లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. మళ్లీ పెట్టాను. ముప్పై ఒకటే. మూడోసారి ఒక్కొక్క తల మీద చెయ్యి వేస్తూ పోయాను. అప్పుడు గాని మొహాలు చూడలేదు. లేనిది మా పాప.

ఉత్త డ్రిల్లే అది. మంట లేదు, పొగ లేదు. అయినా ఆ మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. పైన గది తలుపుకు లోపల గడియ.

"బిడ్డా, మమ్మీని. తలుపు తియ్యి."

"తియ్య. సైరన్ బందయినంక తీస్త."

గొంతు గుడ్డ చాటు నుంచి వచ్చింది. వరండాలోంచి చేతులు ఊపి కింద సైరన్ ఆపించాక తీసింది. గదిలో ఉక్క. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. తలుపు కింది సందుకు ఎవరిదో స్వెటర్ చుట్టి అడ్డం పెట్టింది. నీళ్ల సీసాతో తడిపిన రుమాలు ముక్కుకు కట్టుకుంది. పాప ఏడవడం లేదు. కోపంగా ఉంది.

"అందరు బయటికి పోయిండ్రు మమ్మీ. వద్దన్న. ఎవ్వలు ఇనలే."

ఇది మా ఇంట్లో ఆట. కొన్ని సాయంత్రాలు కంపెనీల దిక్కు నుంచి ముక్కు మండే వాసన వస్తుంది. ఏనాడైనా గ్యాస్ లీకై సైరన్ మోగితే బయటికి రావొద్దనీ, కిటికీలు మూసి ముక్కుకు తడిగుడ్డ పెట్టుకోవాలనీ మా ఆయన నేర్పాడు. ఆదివారాలు ఆయన నోటితో సైరన్ కూస్తే మేమిద్దరం ఉరికేవాళ్లం. ముందు మూసినవాళ్లకు క్రీమ్ బిస్కెట్. పాప ఎన్నడూ ఓడిపోలేదు. అంత ఆడినదాన్ని, సైరన్ పెడదామన్నప్పుడు అది ఒక్కసారీ గుర్తు రాలేదు.

కిందికి వచ్చి చెప్పాను. "ఇంట్ల ఒక తీరు, బడిల ఒక తీరు నేర్పితె పసిపిల్ల ఏం జేస్తదమ్మా?" అంది క్లాస్ టీచర్. తల దించుకున్నాను. పెద్ద మేడమ్ మాత్రం గోడ అవతల కనిపించే పొగ గొట్టాల దిక్కు చూస్తోంది.

"రేపు నిజంగ కంపెనీ సైరనే మోగితె? ఇయ్యాల మనం వీళ్లందరికి బయటికి ఉరుకుడు నేర్పితిమి గద."

పిల్లలు గ్రౌండ్‌లో సైరన్ కూత కూస్తూ ఒకళ్లనొకళ్లు తరుముకుంటున్నారు. తప్పు చేసింది ఒక్కతా, ముప్పై ఒక్క మందా, నాకు అర్థం కాలేదు.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి విని ముందు నవ్వాడు. "నా బిడ్డ కరెక్టే జేసింది."

"మంటలైతె?"

"మంటలైతె తప్పు."

"మరి ఏదైందో దానికెట్ల తెలుస్తది?"

"మాకైతె గాలి ఎటు కొడుతుందో సూసి, లోపలుండాల్నో బయటికి పోవాల్నో సేఫ్టీ వాళ్లు చెప్తరు. బడిల ఎవ్వలున్నరు?" అన్నాడు.

మరునాడు బడికి వెళ్లి, మంటలకు గంట ఆపకుండా కొడదామని, సైరన్ గ్యాస్‌కే వదిలేద్దామని చెప్పాను. ఈసారి నన్ను గ్రౌండ్‌లో కాదు, గది తలుపు దగ్గర నిలబెట్టమన్నాను. పెద్ద మేడమ్ రెండూ రాసుకుంది. ఇంటికొచ్చి పాపకు చెప్పాను. గంట అయితే బయటికి, సైరన్ అయితే లోపలికి. పాప వేళ్ల మీద అప్పజెప్పింది.

"రెండూ మోగితె?"

"టీచర్ చెప్పినట్టు చెయ్యి."

"టీచర్ కింద ఉంటె?"

నిన్న ఆదివారం. మా ఆయన సైరన్ కూయలేదు. పాపే రుమాలు తడుపుకుని వచ్చి నా ముందు నిలబడింది.

"మమ్మీ, ఇయ్యాల లోపలికా, బయటికా?"

నా చెయ్యి కిటికీ రెక్క మీదుంది. అది మూయడానికి పెట్టానో, తీయడానికి పెట్టానో నాకే తెలియలేదు. రుమాలు నుంచి నీళ్లు కారుతున్నాయి. నేను చెప్తేగాని కదలనన్నట్టు పాప అక్కడే నిలబడి ఉంది.