ఓడ్ముండ్ మామయ్య మూడు గంటల ఖాళీ

కొందరికి పాములంటే భయం, కొందరికి లెక్కలంటే భయం. బెర్గెన్‌లో ఉండే ఓడ్ముండ్‌కి మాత్రం ఒక రైలు దిగి ఇంకో రైలు ఎక్కడానికి మధ్య మూడు గంటల ఖాళీ లేకపోతే భయం. గంటే ఉందంటే ఆయన ముఖం పాలిపోతుంది. అరగంటే అంటే కూర్చోవడానికి కుర్చీ వెతుక్కుంటాడు. పోనీ రైళ్ల సంగతి తెలియని మనిషా అంటే, నలభై ఒక్క ఏళ్లు రైలు గార్డుగా చేసి రిటైరైనవాడు! ఈల నోట్లో పెట్టుకుని కదులుతున్న బండిలోకి పిల్లిలా ఎక్కేవాడని ఇప్పటికీ స్టేషన్లో చెప్పుకుంటారు. అంతటి మొనగాడికి ఈ జబ్బు ఎలా పట్టుకుందో ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

మేనకోడలు ఆస్లౌగ్‌కైతే ఒళ్లు మండేది. ఆమెకి ముప్పై ఒకటి. బెర్గెన్ రేవులో ఓడల రాకపోకలు చూసే ఉద్యోగం. పొగమంచులో మూడు ఓడల్ని ఒకదానికొకటి తగలకుండా రేవుకి చేర్చే పిల్లని ప్రతి డిసెంబరులో ఏదో ఒక స్టేషన్లో మూడేసి గంటలు బెంచీ మీద కూర్చోబెడితే మండదూ మరి?

క్రిస్మస్‌కి రైలెక్కి ఎవరో ఒక చుట్టం ఇంటికి వెళ్లడం ఆ ఇంటి ఆనవాయితీ. విమానమెందుకు ఎక్కరంటే అమ్మమ్మ ఎక్కదు కాబట్టి.

"కిటికీ తెరవనివ్వని బండి నేనెక్కను," అనేది అమ్మమ్మ బోర్గిల్.

"రైల్లో మాత్రం తెరవనిస్తారా అమ్మమ్మా?"

"తెరవనివ్వకపోతేనేం, నేల కనిపిస్తుంది. నచ్చకపోతే దిగి నడిచిపోవచ్చు."

ఆవిడకి ఎనభై ఎనిమిదేళ్లు. ఎనభై రెండో ఏట దాకా మంచు మీద స్కీలు వేసుకుని తిరిగిన మనిషి. బస్సులో ఒకసారి ఎవరో కుర్రాడు లేచి సీటిస్తే, "ఏం నాయనా, ఒంట్లో బాగాలేదా, దిగిపోతున్నావా?" అని అడిగింది. చేతికర్ర పేరెత్తితే ఆ పూట ఇంట్లో ఎవరికీ కాఫీ ఉండేది కాదు.

ఓడ్ముండ్ ప్లాను జూన్‌లో మొదలయ్యేది. బెర్గెన్‌లో వాన పడని రోజంటే ఊరు ఊరంతా చంకలో రొట్టెముక్కల పొట్లం పెట్టుకుని కొండెక్కేస్తుంది. ఆయన మాత్రం వంటింటి బల్ల మీద గళ్ల కాగితాలు పరుచుకుని, ఎర్ర పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చునేవాడు. ఆ ప్లానులో లేనిదంటూ ఉండదు. "ఉదయం 11.40: అందరూ టాయిలెట్‌కి వెళ్లుట. అవసరం లేనివాళ్లు కూడా." "12.10: కిటికీలోంచి హిమానీనదం చూచుట. కనిపించనిచో ఉన్నట్టు అనుకొనుట."

రెండేళ్ల కిందట స్టవాంగర్ వెళ్లాల్సి వచ్చింది. బెర్గెన్ నుంచి బస్సులో అయిదు గంటల దారి. బస్సులో లేచి నడవడానికి చోటుండదని వంక పెట్టి, ఓడ్ముండ్ దాన్ని ఓస్లో మీదుగా, క్రిస్టియాన్‌సాన్ మీదుగా రెండు రోజుల రైలు ప్రయాణం చేశాడు. అంటే పక్కింటికి వెళ్లడానికి ఊరంతా చుట్టి రావడమన్నమాట. పైగా క్రిస్టియాన్‌సాన్‌లో నాలుగు గంటల ఖాళీ!

"ఇక్కడ నాలుగు గంటలు ఏం చేస్తాం మామయ్యా?" అంది ఆస్లౌగ్ పళ్లు నూరుతూ.

"నాకు పనుంది," అని ఆయన జేబులోంచి స్కేలు తీశాడు. "ఈ ఊళ్లో మంచు ఎంత లోతు పడిందో కొలవాలి."

"కొలిచి?"

"రాసుకోవాలి."

ఆ నాలుగు గంటలూ బోర్గిల్ స్టేషన్ కాఫీ కొట్టులో కాళ్లు చాపుకుని, దొరికిన ప్రతివాళ్లకీ కొడుకు తిక్క గురించి చెప్పి కడుపారా తిట్టుకుంది. మరో ఏడు హామార్‌లో స్టేషన్ గడియారం సరిగ్గా నడుస్తోందో లేదో చూడాలన్నాడు. ఇంకో ఏడు ఓస్లోలో, మేకపాల చీజ్ వేసిన వాఫుల్ తినకపోతే తనకి కళ్లు తిరుగుతాయన్నాడు. రెండు తిన్నాడు, నిదానంగా, ఒక్కోటి గంటన్నర.

ఈ ఏడు సంగతి వేరు. ఆస్లౌగ్ అక్క తోరున్ రైలు పట్టాలు ఆగిపోయే ఉత్తరపు కొసన, బోడోలో కాపురం ఉంటోంది. అక్టోబరులో ఆమెకి ఆడపిల్ల పుట్టింది. ముత్తవ్వ పేరే పెట్టారు, బోర్గిల్ అని. ఆ వార్త విన్న రోజున పెద్ద బోర్గిల్ వీధిలో వెళ్లేవాళ్లని ఆపి మరీ చెప్పింది. "మొదటి క్రిస్మస్‌కి పిల్ల నా ఒళ్లో ఉండాలి. అంతే. ఇంకో మాట లేదు."

నవంబరులో ఒక ఆదివారం, గొర్రెమాంసం క్యాబేజీ కూర తిన్నాక, ఓడ్ముండ్ ప్లాను చదివి వినిపించాడు. బెర్గెన్, ఓస్లో, ట్రోన్‌హైమ్, బోడో: మొత్తం అయిదు రోజులు.

ఆస్లౌగ్ గరిటె కింద పెట్టింది. "మామయ్యా, అయిదు రోజుల్లో చంద్రమండలం వెళ్లి రావచ్చు."

"చంద్రమండలంలో బండి మారక్కర్లేదు కదమ్మా."

"ఇదిగో నా ప్లాను." ఫోను తిప్పి చూపించింది. "రెండే రోజులు. ఇరవై ఒకటిన పొద్దున్న బయల్దేరతాం. ఓస్లోలో బండి మారడానికి ఇరవై రెండు నిమిషాలు. రాత్రికి ట్రోన్‌హైమ్, మర్నాటికి బోడో!"

ఇరవై రెండు నిమిషాలన్న మాట వినగానే ఓడ్ముండ్ కుర్చీ పట్టుకున్నాడు, కూర్చునే ఉన్నా కూడా.

"ఓట్లేద్దాం," అంది ఆస్లౌగ్ వాళ్లమ్మ గున్వోర్. ఓడ్ముండ్‌కి చెల్లెలు, బెంచీల మీద కూర్చుని కూర్చుని విసిగిపోయిన ఇంకో జీవి.

అందరికంటే ముందు చెయ్యెత్తింది బోర్గిల్. "నాది ఆస్లౌగ్ ప్లానుకే! ఇరవై రెండు నిమిషాలంటే నేను కొండెక్కి దిగొస్తాను. ఈ ముసలాడితో వేగలేక చస్తున్నా," అంది, కొడుకుని చూపించి.

ఓడ్ముండ్ గళ్ల కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే. ప్లాను నీదేనమ్మా. నేనొక మూత ఉన్న బకెట్ తెచ్చుకోవచ్చా?"

"బకెట్ ఎందుకు?"

"ఎముకలు నానబెట్టడానికి."

ఉప్పేసి ఎండబెట్టిన గొర్రె పక్కటెముకలు లేనిదే బెర్గెన్ వాళ్లకి క్రిస్మస్ కాదు. ముందురోజంతా నీళ్లలో నానితేగాని వాటి ఉప్పు దిగదు. ఉత్తరాన మాత్రం ఇరవై నాలుగో తేదీ పండగ సాయంత్రం చేప వండుకునే ఇళ్లు చాలా. "నా పేరు పెట్టుకున్న పిల్ల ఉన్న ఇంట్లో, మొదటి పండగ నాడు, చేప వాసనా!" అని బోర్గిల్ నాలుగు కిలోల ఎముకలు సిద్ధం చేయించింది.

"తోరున్ ఇంట్లో నానబెడతాం కదా మామయ్యా. వాళ్లకి గిన్నెలు లేవా?"

"ఉంటాయి. ఎందుకైనా మంచిది," అన్నాడాయన.

ఇరవై ఒకటిన ఆస్లౌగ్ తన ప్లానుతో, ధీమాగా బయల్దేరింది. కొండల మీద మంచు ఊడ్చే బండి కోసం కాసేపు ఆగి, రైలు ఓస్లోకి ఆరు నిమిషాలు ఆలస్యంగా చేరింది. పదహారు నిమిషాలున్నాయి. ట్రోన్‌హైమ్ బండి ఆ చివరి ప్లాట్‌ఫారం మీద.

"రండి రండి!" అంటూ ఆస్లౌగ్ ముందు నడిచింది. బోర్గిల్ గడ్డం పైకెత్తి, సైనికుడిలా వెనకాలే వచ్చింది. పెద్ద హాలు మధ్యలో క్రిస్మస్ చెట్టు దగ్గర ఆగింది.

"ఎంత బాగుందో చూడు," అంది.

"వచ్చేటప్పుడు చూద్దాం అమ్మమ్మా!"

పాతిక అడుగులు వేసిందో లేదో మళ్లీ ఆగింది. ఈసారి ఆవిడ ఎదురుగా ఒక ఖాళీ గోడ తప్ప ఏమీ లేదు. దాన్నే చూస్తూ నిలబడింది.

"ఏడు నిమిషాలు!" అని అరిచి ఆస్లౌగ్ వెనక్కి తిరిగింది. సరిగ్గా అప్పుడే చూసింది, కళ్లారా చూసింది. ఓడ్ముండ్ తన పెట్టె ఛాతీ దాకా ఎత్తుకుని, బొటనవేలితో టక్కున గొళ్లెం తీశాడు. నాలుగు కిలోల పక్కటెముకలు, మూడు జతల ఉన్ని మేజోళ్లు, ఒక లోపలి లాగు ఓస్లో స్టేషన్ నేల మీద నాలుగు దిక్కులా జారుకుంటూ పోయాయి. ఒక ఎముకని ఎవరిదో కుక్క నోట కరుచుకుంది.

"అయ్యయ్యో, ఎముకలు!" అని ఓడ్ముండ్ గగ్గోలు పెట్టాడు. "అమ్మా, నువ్వా బెంచీ మీద కూర్చుని ఏరినవి లెక్కపెట్టు. గున్వోర్, ఆ కుక్కని పట్టుకో!"

కుక్క దొరికింది. రైలు వెళ్లిపోయింది.

బెంచీ మీద కూర్చుని బోర్గిల్ లంకించుకుంది. "నలభై ఒక్క ఏళ్లు ఉద్యోగం చేశావు, పెట్టె మూయడం చేతకాదురా నీకు? నేనొక్కదాన్నే వస్తే ఈపాటికి బండిలో ఉండేదాన్ని! నీ వల్ల పోయింది రైలు, నీ వల్ల!"

"అవునమ్మా, నా వల్లే," అంటూ ఆయన మేజోళ్లు ఏరుకున్నాడు.

ఆస్లౌగ్ ఫోనులో గబగబా వెతికింది. ట్రోన్‌హైమ్ వైపు ఇరవై ఆరో తారీఖు దాకా ఒక్క సీటు లేదు. పండగ రద్దీ. ఆమె ఫోను జేబులో కుక్కింది. మామయ్యని స్తంభం చాటుకి లాక్కెళ్లింది.

"కావాలనే చేశావు! నేను చూశాను! నీ ప్లాను ఓడిపోయిందని ఇంత కక్షా? అమ్మమ్మ ఇక ఆ పిల్లని చూడకుండానే పండగ చేసుకోవాలి, తెలుసా?"

"మెల్లిగా మాట్లాడు తల్లీ," అన్నాడు ఓడ్ముండ్. "ఆ గోడ దగ్గర అమ్మ పెదాలు చూశావా? నీలంగా అయిపోయాయి."

ఆస్లౌగ్ బెంచీ వైపు తిరిగి చూసింది.

"ఆరేళ్ల కిందట ఇలాగే పరుగులు పెట్టి బండి మారుతుంటే పడబోయింది. ఎవరూ చూడలేదనుకుంది, నేను చూశాను. ఆ రాత్రి నాతో అంది, వచ్చే ఏడు నుంచి నేను రానురా, మీకు అడ్డం అని. ఆవిడ రాకపోతే మనకి పండగేమిటి? అందుకని ఆ అడ్డమేదో నేనే అయ్యాను." ఆయన ముక్కు తుడుచుకున్నాడు. "ఇవాళ రైలు తన వల్ల తప్పిపోయిందనుకుంటే మళ్లీ జన్మలో ఇల్లు కదలదు. నా వల్లనైతే నన్ను తిడుతుంది. చూడు, తిట్టేసరికి ముఖంలోకి రంగెలా వచ్చిందో!"

నిజమే. బెంచీ మీద బోర్గిల్ పక్కవాళ్లకి కొడుకు చరిత్ర చెబుతూ కళకళలాడిపోతోంది.

"కానీ సీట్లు లేవు మామయ్యా," అంది ఆస్లౌగ్. "ఎలా వెళ్తాం?"

ఓడ్ముండ్ జేబులోంచి గళ్ల కాగితం తీశాడు. కాస్త సిగ్గుపడుతూ చేతికిచ్చాడు. అందులో ఎర్ర పెన్సిల్‌తో ఇలా ఉంది. "21వ తేదీ. మధ్యాహ్నం 3.22: రైలు తప్పిపోవుట. 3.25: అమ్మ నన్ను తిట్టుట, ఇరవై నిమిషాలు. 3.45: వాఫుల్. 4.30: స్టేషన్ పక్క హోటల్లో గదులు. 22: ట్రోన్‌హైమ్, నాలుగు సీట్లు, కొన్నాను. 23: బోడో, నాలుగు సీట్లు, కొన్నాను. ఎముకలు రైల్లో నానబెట్టుట."

ఇంత పకడ్బందీగా ఓడిపోయిన మనిషిని ఆస్లౌగ్ తన జీవితంలో చూడలేదు. రేవులో ఏ పెద్ద కెప్టెన్‌ని చూసీ కలగని గర్వం ఆ బట్టతల మనిషిని చూస్తే కలిగింది. మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగా వాటేసుకుంది.

"వదులు, వదులు," అన్నాడాయన. "వాఫుల్‌కి వేళయింది."

ఇరవై మూడున ట్రోన్‌హైమ్ నుంచి బోడో వెళ్లే రైల్లో బకెట్ బోగీకంతటికీ పండగ తెచ్చింది. ఎముకలెన్ని గంటలు నానాలన్న దాని మీద ప్రయాణికులు రెండు పార్టీలయ్యారు. ఇరవై నాలుగంది ఒక పార్టీ, ముప్పైకి తగ్గితే నోట్లో పెట్టలేమంది ఇంకో పార్టీ. ఓడ్ముండ్ అందరికీ వినయంగా తలూపి నీళ్లు మార్చడానికి వెళ్లాడు.

ఆయన అటు వెళ్లగానే బోర్గిల్ మనవరాలి వైపు వంగింది. "మీ మామయ్య గార్డుగా ఉన్నన్నాళ్లూ పరిగెత్తే రైల్లో ఒక్క తలుపు గొళ్లెం ఊడనివ్వలేదు. వాడి పెట్టె గొళ్లెం దానంతటదే ఊడిందంటే నేను నమ్మాలా?"

ఆస్లౌగ్ కళ్లు పెద్దవయ్యాయి. "నీకు తెలుసా అమ్మమ్మా? ఎప్పటినుంచి?"

"మంచు కొలిచినప్పటినుంచి. స్కేలు తిరగేసి పట్టుకున్నాడు, వెధవ." ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. "నాకు తెలుసని వాడికి చెప్పకు. మళ్లీ కొత్త ఎత్తు ఆలోచించాలి పాపం, అరవై ఏడేళ్లొచ్చాయి. నేను తిట్టినంత కాలం వాడు నిశ్చింతగా ఉంటాడు."

సాయంత్రం బోడోలో దిగేసరికి ప్లాట్‌ఫారం అద్దంలా గడ్డకట్టి ఉంది. తోరున్ ఎదురొచ్చి, ఉన్ని దుప్పట్లో చుట్టిన పిల్లని ముత్తవ్వ చేతుల్లో పెట్టింది. బుల్లి బోర్గిల్ పెద్ద బోర్గిల్‌ని ఎగాదిగా చూసి ఆవులించింది.

"నిన్న రావాల్సినవాళ్లు, ఏమైంది?" అంది తోరున్.

"అదీ, నా పెట్టె..." అని ఓడ్ముండ్ మొదలుపెట్టాడు.

"ఏమీ కాలేదు," అంది బోర్గిల్, ప్లాట్‌ఫారం ఆ చివరిదాకా వినబడేలా. "మావాడు వేసిన ప్లాను. ఒక్క నిమిషం తేడా రాలేదు. మూడు ఊళ్లు దాటించి తీసుకొచ్చాడు. ఇలాంటివాణ్ని కన్నాను నేను!"

ఓడ్ముండ్ బకెట్ మూత మరోసారి నొక్కాడు. ఎదురుగా స్టేషన్ గుమ్మం దాకా గాజులాంటి మంచు. కాఫీ కొట్టు ఎక్కడుందా, ఇక్కడ ఏం వంక పెట్టి ఆగాలా అని ఆయన కళ్లు అప్పుడే వెతుకుతున్నాయి.

బోర్గిల్ పిల్లని ఆస్లౌగ్‌కి అందించి, కొడుకు దగ్గరికి జరిగి మోచెయ్యి చాచింది.

"దిక్కులు చూస్తావేంరా? నేలంతా జారుడుగా ఉంది. పెద్దవాడివవుతున్నావు, పడితే లేవలేవు. నా చెయ్యి పట్టుకుని నడు."

"సరేనమ్మా," అని ఓడ్ముండ్ ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.