మునిరత్నం మామ ఆటో ఆపిన వీధులు

మొన్న తిరుపతిలో చిన్న వ్యాపారాలు చేసుకునే ఆడవాళ్ళ సమావేశానికి పిలిస్తే వెళ్ళాను. నాకంటే ముందు మాట్లాడినావిడ మైకును వేలిగోటితో టకటకమని కొట్టి, ఫూ అని ఊదింది. ఆ గరగర చెవిన పడగానే నేను ఆ ఏసీ హాల్లో లేను. చిత్తూరులో మా అంగడి ముందు, ఎండలో నిలబెట్టిన ఆటో పక్కన ఉన్నాను. ఆటో పైన రెండు లౌడు స్పీకర్లు, లోపల మెడలో ఎర్ర తువ్వాలు వేసుకున్న మునిరత్నం మామ. మామ అంటే చుట్టరికమేమీ లేదు. ఊళ్ళోకి సర్కస్ వచ్చినా, చీరల సేలు పెట్టినా, కుళాయి నీళ్ళు రాకపోయినా వీధివీధికీ తిరిగి మైకులో చెప్పే మనిషి. మా ఎదురు టీకొట్టు దగ్గర ఆటో ఆపి, గ్లాసు పట్టుకుని మా అంగట్లోకి వచ్చి నాయనతో రాజకీయాలు వాదించడం ఆయనకు అలవాటు.

మాది రాచిప్పల అంగడి. మెత్తని రాతిని తొలిచి చేసిన వంటపాత్రలు, వాటితోపాటు ఇనుప పెనాలు మా తాత కాలం నుంచీ అమ్ముతున్నాం. నేను డిగ్రీ ముగించేసరికి కొనేవాళ్ళు పలచబడిపోయారు. స్టీలూ నాన్‌స్టిక్కూ ఇంటింటా చేరాక రాయి ఎవరికి కావాలి? సెల్‌ఫోన్ల వ్యాపారి ఒకాయన అంగడి బాడుగకు అడిగాడు. "ఈ ఎండాకాలం సూస్తాం. అప్పటికీ ఇట్లే ఉంటే ఇచ్చేస్తాం" అన్నాడు నాయన. ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఆ రాళ్ళ మధ్యే నేను పాకడం నేర్చుకున్నాను. మూలనున్న పెద్ద చట్టిలో దాక్కుని అమ్మ చేత తిట్లు తిన్నాను. అక్కడ ఫోన్ల కవర్లు వేలాడతాయా? కసి పుట్టి రాచిప్పల గురించి ఒక బ్లాగు తెరిచాను.

తెరిచాను సరే, చదివేదెవరు? మా పిన్ని కూతురు ఒక్కతే. అదీ నేను ఫోను చేసి పోరు పెడితే. ఒకరోజు మామ టీ తాగుతూ, "ఏందో రాస్తా ఉండావంట, సదువు పాపా" అన్నాడు. గొంతు సవరించుకున్నాను. "ఘనమైన వారసత్వం కలిగిన మా శిలాపాత్రలు ఆరోగ్యానికి, రుచికి ఆలవాలమై..."

మామ చెయ్యెత్తి ఆపాడు. "ఇది ఎవురికి సెప్తా ఉండావు?"

"అందరికీ మామా."

"ఇన్నేండ్లుగా ఊరంతా తిరగతా ఉండాను. అందరూ అనే మనిసి నాకు యా వీధిలోనూ కనపళ్ళేదే! యాడుంటాడు?"

నాకు ఒళ్ళు మండింది. నువ్వు మైకులో అరిచేది అందరికీ కాదా అని ఎదురడిగాను. ఆయన నవ్వి, "నాయనకు సెప్పి ఆటో ఎక్కు" అన్నాడు.

ఆరోజు మామ పరుపుల సేలు గురించి చెప్పాలి. మొదటి వీధి మొదట్లోనే మామ మైకు కట్టేశాడు, ఇంజనూ ఆపేశాడు. ఒక ఇంటి గేటు దగ్గర నిలబడి మంచినీళ్ళు అడిగాడు. నీళ్ళు తాగడానికి అంతసేపా అని నాకు విసుగొచ్చింది. అక్కడ ఆడవాళ్ళు జాతరకు ఎవరింటికి ఎవరెవరు వస్తున్నారో చెప్పుకుంటున్నారు. మామ తిరిగొచ్చి మైకు తట్టి, ఊదాడు. "తల్లులారా! జాతరకొచ్చే సుట్టాలను యాడ పండబెడతారు? కొత్తల్లుణ్ణి సాప మీద పండబెడితే మర్యాదగా ఉంటాదా?" వీధంతా నవ్వు. ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. పక్కవీధిలో రిటైరైన పెద్దమనుషులు ఎక్కువ. అక్కడా నీళ్ళు తాగాడు, అక్కడా విన్నాడు. ఈసారి మైకులో నడుము నొప్పుల సంగతి ఎత్తుకున్నాడు. "పరుపు అదే పాపా, పండుకునే నడుములే వేరే" అన్నాడు ఆటో తిప్పుతూ. ఆయన కడుపులో ఆ రోజు ఎన్ని చెంబుల నీళ్ళు పడ్డాయో ఆ దేవుడికే తెలియాలి.

నా వీధి ఏదో నాకు తెలియడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. ఒక మధ్యాహ్నం గూడూరు నుంచి ఒకావిడ సంచిలో పగిలిన రాచిప్ప తెచ్చి గల్లా మీద ధన్‌మని పెట్టింది. "పులుసు పెడదామని పొయ్యి మీద పెట్టానో లేదో ఫట్‌మంది. ఇదేం సరుకమ్మా?" అని గొంతు పెంచింది. కొత్త రాచిప్పకు ఆముదమూ పసుపూ పట్టించి ఎండబెట్టి, కొన్నాళ్ళు వేడి గంజి పోసి ఉంచి, ఆ తర్వాతే సన్నసెగ మీద పెట్టాలి. మా ఇళ్ళలో అది అత్త కోడలికి చెప్పే మాట. అందుకే అంగట్లో చెప్పాలని మూడు తరాలుగా ఎవరికీ తోచలేదు! ఆవిడకు చెప్పే అత్త లేదు. నాయన ఇంకో చిప్ప తీసిచ్చాడు.

గుమ్మంలో నిలబడి అంతా విన్న మామ ఆవిడ వైపు చూపించి, "నువ్వు ఎతుకుతా ఉండే మనిసి ఈయమ్మే" అన్నాడు నాతో.

ఆవిడను కూర్చోబెట్టి అడిగాను. ఏమేం భయాలున్నాయో, తోమడమెలాగో, గ్యాసు మీద పెట్టొచ్చో లేదో, ఆవిడ అడిగినదల్లా ఆవిడ మాటల్లోనే రాశాను. పేరు 'కొత్త రాచిప్ప ఎందుకు పగిలింది?' అని పెట్టాను. నాయన అది చూసి మండిపడ్డాడు. "మన సరుకు పగులుతాదని మనమే టముకు ఏసుకోవాల్నా? ఉండే నలుగురూ రారు ఇంక!" ఆయన అన్నట్టే జరిగితే అంగడి నా చేతుల మీదుగానే మూతపడుతుంది. అయినా బ్లాగులో పెట్టేశాను.

గూడూరావిడ దాన్ని తన చుట్టాలందరికీ పంపింది. వాళ్ళు ఇంకెవరికో పంపారు. బ్లాగు కింద ప్రశ్నలు మొదలయ్యాయి. చింతపండు పులుసు పెట్టొచ్చా? పెరుగు తోడేయొచ్చా? ఒక్కొక్కరికీ జవాబు రాశాను, ఒక్కొక్క ప్రశ్ననూ మరుసటి వ్యాసం చేశాను. మామ ఊరుకోలేదు. నాకు చెప్పకుండానే ఆటో తీసి, "రాచిప్ప పగలగొట్టుకున్న తల్లులు ఎవురన్నా ఉండారా? మా పాప మందు సెప్తాది!" అని ఊరంతా తిరిగాడు. సిగ్గుతో చచ్చాను, సంతోషంతో ఎగిరాను. పూతలపట్టు నుంచి ఒక కుటుంబం కారులో వచ్చి, "బ్లాగు రాసే అమ్మాయి నువ్వేనా?" అని అడిగినప్పుడు నాయన తలెత్తి నన్ను చూసిన చూపు ఉందే, అది నా డిగ్రీ పట్టా కంటే గొప్పది.

ఎండాకాలం చివర్లో సెల్‌ఫోన్ల వ్యాపారి గోడలు కొలవడానికి టేపు పట్టుకుని వచ్చాడు. గుమ్మం దాకా జనం. ఒకామె పెనం వెనక్కి తిప్పి చూస్తోంది, ఇంకొకామె ఫోనులో నా వ్యాసం పెట్టుకుని నాయనకే పాఠం చెబుతోంది. పాపం ఆయన టేపు విప్పడానికే చోటు దొరకలేదు. నాయన గల్లా మీదనుంచి గట్టిగా అన్నాడు: "ఈడ జాగా లేదప్పా, ఇంకోసోట సూసుకో!" టీకొట్టు దగ్గర మామ వేసిన ఈల ఇప్పటికీ నాకు వినిపిస్తుంది.

తర్వాత రికార్డు చేసిన గొంతులు వచ్చాయి. అవి ఏ వీధిలోనైనా అదే మాట అరుస్తూ పోతాయి. మామ చివరిదాకా ఇంజను ఆపి నీళ్ళు అడుగుతూనే ఉన్నాడు. ఆయన పోయిన రోజు మేము అంగడి తెరవలేదు.

తిరుపతి హాల్లో నా వంతు వచ్చింది. బ్లాగుకు చదివేవాళ్ళను ఎలా తెచ్చుకోవాలో చెప్పమన్నారు. మైకు తీసుకున్నాను. స్విచ్ కట్టేసి, మెట్లు దిగి, ముందు వరుసలోని ఒకావిడను ఏం అమ్ముతారని అడిగాను. పులికాట్ ఒడ్డు నుంచి వచ్చిందట, ఎండు రొయ్యలు అమ్ముతుందట. జనం ఎక్కువగా ఏం అడుగుతారన్నాను. "ఇసక తగల్తాదా అని అడగతారు. ఆ మాటంటే నాకు సెడ్డ కోపం" అందామె. హాలంతా గొల్లుమంది. వెనకనుంచి ఇంకొకావిడ, "నన్నేమడుగుతారో తెలుసా!" అని లేచింది. తర్వాత ఇంకొకరు.

నేను కుర్చీల వరుసల మధ్య దారిలోనే కూర్చుని, కాసిని మంచినీళ్ళు తెప్పించమన్నాను.