కబడ్డీ కింద కుంగ్‌ఫూ

ఆ రోజుల్లో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పిల్లలు రెండే రకాలు: నౌకరీ వచ్చినోళ్ళు, నౌకరీ రావలసినోళ్ళు. ఊరికే ఆడుకునే పిల్లలు, ఊరికే పాడుకునే పిల్లలు వేరే ఊళ్ళలో ఉంటారట, మాకు తెలీదు. పిల్ల పరిగెత్తితే "స్పోర్ట్స్ కోటా" అనేవారు, పాడితే "కల్చరల్ కోటా" అనేవారు, ఏమీ చెయ్యకుండా కూర్చుంటే "ఆఫీసులో పనికొస్తాది" అనేవారు. నేను ఎనిమిది పాసై, తొమ్మిదిలో రెండుసార్లు ఆగిపోయినదాన్ని. నన్ను ఏ కోటాలో పెట్టాలో తెలీక, లోకో షెడ్డులో ఫిట్టరు పని చేసే మా నాన్న అన్నం కలుపుతూ నన్నే చూస్తుండేవాడు. నాన్నకి తొందరుంది మరి. ఇంకో నాలుగేళ్ళలో రిటైర్‌మెంటు. ఈలోగా బిడ్డకి రైల్వేలో కుదిరితే క్వార్టరు ఆ బిడ్డ పేరుకి మారుతుంది, లేకపోతే ఖాళీ చెయ్యాలి. నేనొక్కదాన్నే బిడ్డని. అమ్మ కాపరానికొచ్చి దిగిందీ, నేను పుట్టిందీ ఆ రెండు గదుల్లోనే.

ఎదురు క్వార్టరు అక్క కబడ్డీ ఆడి టికెట్ కలెక్టరయింది. ఆ రోజు నుంచి మా వీధిలో ఆటంటే ఆట కాదు, అర్జీ. సరిగ్గా అప్పుడే నాన్నకి చైనా మాస్టారు దొరికేరు. ఆయనది బొబ్బిలి దగ్గర పల్లె, చేసేది రైలు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ డ్యూటీ. చైనా ఎప్పుడూ వెళ్ళలేదు. కుర్రతనంలో కలకత్తాలో బూట్లు కుట్టే ఒక చైనా ముసలాయన దగ్గర కుంగ్‌ఫూ, మెల్లమెల్లగా కదిలే తాయ్‌చీ నేర్చుకున్నారు. పొద్దున్నే రైల్వే ఇన్‌స్టిట్యూట్ మైదానంలో నలుగురికి నేర్పేవారు. నాన్న వెళ్ళి, "మాస్టారూ, మా గుంటకి కూడా నేర్పండి" అన్నాడు. ఎందుకని ఆయన అడగలేదు, ఎందుకో నాన్న చెప్పలేదు. (మా కొంప ముంచింది అదే.)

మొదటిరోజే గాల్లోకెగిరి ఇటుకలు పగలగొట్టేస్తాననుకున్నాను. మూడు నెలలు ఊరికే నిలబెట్టేరు. మోకాళ్ళు వంచి, లేని బిందె ఒకటి చేతుల్లో పట్టుకున్నట్టు. నాన్న వచ్చి చూసి కంగారు పడిపోయేడు.

"ఏటి మాస్టారూ, ఇది కాలెప్పుడు ఎత్తుతాది?"

"ముందు కిందనున్న కాలు కుదరనీ బాబూ."

"నిలబడ్డోళ్ళకి ఉజ్జోగం ఎవడిస్తాడండీ?"

"అలాగనకు. మీ షెడ్డు గేటు దగ్గరోడు ముప్ఫయ్యేళ్ళు నిలబడే రిటైరయ్యేడు."

ఉద్యోగం సంగతి మాటవరసకి అన్నాడనుకున్నారు మాస్టారు. నాన్న షెడ్డుకి పోయేడు, నేను మళ్ళీ బిందె పట్టుకున్నాను.

నాలుగో నెలలో సూత్రం చెప్పేరు: "బలంగా వచ్చినోడికి అడ్డు పడకు, దారియ్యి. ఆడి బలమే ఆణ్ణి తీసుకుపోద్ది." ఇందులో చదవవలసిందేం లేదు కాబట్టి నాకు తెగ నచ్చింది. వెంటనే ఇంటి వాడకంలో పెట్టేను. కుళాయి దగ్గర భుజంతో తోసుకుని ముందుకొచ్చే ఆవిడొకర్తుండేది, కాలనీ అంతా కుళాయత్త అనేవారు. ఒకరోజు ఆవిడ తొయ్యగానే నేను పూర్తిగా దారిచ్చేను. అత్త, అత్తవి రెండు బకెట్లు వరసగా కాలవలోకి వెళ్ళిపోయేయి. "ఓలమ్మో, తోసేసిందర్రా!" అని అత్త. "నేను ముట్టుకోనైనా లేదు!" అని నేను. నిజం చెప్పినందుకు అమ్మ చేతి దెబ్బలు నాలుగు తిన్నాను (వాటికి దారివ్వడం మాస్టారు అప్పటికింకా నేర్పలేదు). ఇంకోరోజు పాలు పొంగుతుంటే తాయ్‌చీ పద్ధతిలో, ఊపిరి మెల్లగా వదులుతూ చెయ్యి చాపేను. నా చెయ్యి గిన్నె దాకా చేరేసరికి పాలు నేల దాకా చేరేయి. "నీ కుంగ్‌ఫూ మండిపోనూ! పాలకి కూడా దారిస్తావటే?" అంది అమ్మ.

ఏడాదిన్నర అలా గడిచేక కోటా ట్రయల్స్ అని కబురొచ్చింది. బోర్డు మీద నోటీసు అంటించేరు గానీ, మా కాలనీలో నోటీసు చదివే అలవాటు లేదు, నోటీసులో ఏముందో చాయ్ దుకాణంలో అడిగే అలవాటే. చాయ్ దుకాణం "అన్ని ఆటలూ ఉన్నాయి" అంది. నాన్న సెలవు పెట్టి, చొక్కా ఇస్త్రీ చేయించి, కొబ్బరికాయ కొట్టి నన్ను తీసుకెళ్ళేడు. షామియానా కింద బల్ల, బల్ల వెనక లిస్టు పట్టుకుని పెద్ద గుమాస్తా.

"కౌన్ సా గేమ్?"

"కుంగ్‌ఫూ సాబ్. తాయ్‌చీ భీ. దోనో" అన్నాడు నాన్న, ఒక టికెట్టు కొంటే ఇంకోటి ఊరికే వస్తుందన్నట్టు.

గుమాస్తా వేలు లిస్టు మీద పైనుంచి కిందకి దిగింది. "లిస్ట్ మే నహీ హై."

"అచ్ఛా సే దేఖియే సాబ్! కబడ్డీ కే నీచే దేఖియే!"

ఆయన మంచివాడే, మళ్ళీ చూసేడు. కబడ్డీ కింద ఖో-ఖో ఉంది.

ఆఫీసరు ఎదట జన్మలో గొంతెత్తని మా నాన్న ఆ బల్ల అంచు పట్టుకుని వదల్లేదు. కాపలా జవాను వచ్చి భుజం మీద చెయ్యేసేడు. నాన్న విదిలించుకుని ఒక్క ఊపున గుమాస్తా మీదకి వెళ్ళబోయేడు. ఆ ఊపు అక్కడ పడితే క్వార్టరు సంగతి దేవుడెరుగు, ఉన్న నౌకరీ పోయేది. నేనేం ఆలోచించలేదు. నాన్న మోచెయ్యి కింద అరచెయ్యి పెట్టి, ఒకడుగు వెనక్కేసి నడుం తిప్పేను. అంత ఊపూ బల్ల పక్కనుంచి నా మీదుగా జారిపోయింది. ఇద్దరం గుండ్రంగా, మెల్లగా తిరుగుతూ షామియానా బయటికొచ్చి పడ్డాం. లైనులో ఎవడో "అరే, యే తో డాన్స్ కోటా హై!" అన్నాడు. చప్పట్లు కూడా కొట్టేరు.

నాన్న రొప్పుతూ అటూ ఇటూ చూసేడు. "నన్నెలాగ తెచ్చేవే ఇక్కడికి?"

"నేను తేలేదు నాన్నా. నువ్వే వచ్చేవు."

అక్కడి నుంచి తిన్నగా మాస్టారిని దులిపెయ్యడానికెళ్ళేడు. "లిస్టులో లేదని ముందే సెప్పొద్దేటండీ?"

"ఏ లిస్టు బాబూ?" అన్నారాయన, నిజంగానే తెలీక. 

క్వార్టరు పోయింది. నాన్న రిటైరయ్యేక ఊళ్ళోనే రాజ్‌కిశోర్ నగర్‌లో అద్దెకి దిగేం. అమ్మ మాత్రం చాన్నాళ్ళు ఆటోవాళ్ళకి పాత క్వార్టరు నంబరే చెప్పేది. నాకు ఏ నౌకరీ రాలేదు, ఏ సర్టిఫికెట్టూ లేదు. ఇప్పుడు మా వీధిలో అయిదేళ్ళ పిల్లలు కూడా కరాటేకి వెళ్ళేది సర్టిఫికెట్టు కోసమేనట. అర్జీలు ముందుకన్నా తొందరగా మొదలవుతున్నాయి.

ట్రయల్స్ మర్నాడు పొద్దున్న నేను సిగ్గుతో ముసుగు తన్ని పడుకుంటే నాన్న లేపేడు.

"కిలాసుకెళ్ళవేటి?"

"ఇంకెందుకు నాన్నా?"

నాన్నకి కారణమేదీ దొరకలేదు పాపం. చివరికి, "ఊరికేనే" అన్నాడు. మా కాలనీలో పిల్లల విషయంలో ఆ మాట అన్న మొదటి మనిషి మా నాన్నే అయ్యుంటాడు. జడైనా వేసుకోకుండా, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని మైదానం వైపు లగెత్తిన ఆ మొద్దు గుంటని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మెల్లగా కదలడం నేర్చుకోడానికి ఎంత తొందరో దానికి!