బారసాల నాటి కెమెరా

మొన్న మా ఆఫీసు బీరువా అడుగున పడున్న పాత లాప్‌టాప్ ఒకటి ఆన్ చేశాను. ఫ్యాన్ గరగరమని తిరిగి, వేడెక్కిన దుమ్ము వాసన గుప్పున కొట్టింది. ఆ వాసనకి ఎవరికి ఏం గుర్తొస్తుందో గానీ, నాకు రత్నకుమారిగారే గుర్తొస్తారు. రాజోలులో ఇంటర్నెట్ సెంటరు నడిపేవారు. డిగ్రీ అవ్వగానే ఆవిడ దగ్గర పనికి కుదిరాను. కంప్యూటర్ల సంగతి ఆవిడకి పెద్దగా తెలియదు. "అవన్నీ మా అమ్మాయి చూసుకుంటాదండి, నేను కుర్చీలు తుడుచుకుంటాను" అని నన్ను చూపించి వచ్చినవాళ్ళందరికీ నవ్వుతూ చెప్పేవారు. ఎవరైనా అడిగిందే మళ్ళీ అడిగి నేను కస్సుమన్నానంటే, వెనక నుంచి వచ్చి నా జడ మెల్లిగా లాగేవారు. అదే ఆవిడ తిట్టు. ఆవిడంటే నాకు ప్రాణం.

ఒకరోజు పొద్దున్నే మా వీధి వెంకాయమ్మగారు లాప్‌టాప్‌ని కొంగుతో కప్పుకుని ఆయాసపడుతూ వచ్చారు. ఆవిడ కూతురు దుర్గ పురిటికి వచ్చి ఆడపిల్లని కన్నది. అల్లుడు మస్కట్‌లో ఉన్నాడు, బిడ్డని ఇంకా చూడనేలేదు. బారసాలనాడు కెమెరాలో చూస్తూ తనే పేరు పెట్టి పిలుస్తానని, తను వాడిన లాప్‌టాప్‌ని ఊరొస్తున్న స్నేహితుడి చేతికిచ్చి పంపాడు. నెట్ కోసం డేటా కార్డు కూడా కొన్నారు. ఇంతలో చుట్టాలబ్బాయి ఒకడు, మిషను నెమ్మదిగా నడుస్తోంది, బాగుచేస్తానంటూ సిస్టం అంతా చెరిపి మళ్ళీ కొత్తగా ఎక్కించాడు. మిషను చురుగ్గా లేచింది గానీ కెమెరా పనిచేయడం మానేసింది. దాన్ని నడిపించే చిన్న ప్రోగ్రాం, డ్రైవరంటామే, అది కాస్తా తుడిచిపెట్టుకుపోయింది.

"బారసాల ఎప్పుడండీ?" అన్నాను.

"ఇయ్యాలే తల్లీ, మధ్యాన్నం. అల్లుడికి గంటసేపే పర్మిషన్ ఇచ్చేరంట. ఇక్కడికి తెద్దామంటే పసిగుడ్డుని గడప దాటించకూడదు కదండీ."

సరైన డ్రైవరు దొరకాలంటే మోడల్ నంబరు తెలియాలి. అది అడుగున చీటీ మీద ఉంటుంది. తిరగేసి చూస్తే చీటీ తెల్లగా బోడిగా ఉంది.

"నంబరేమైందండీ?"

"ఇంటికి కొత్తగా వచ్చిన వస్తువు కదా అని పసుపు రాసి బొట్లు పెట్టేనమ్మా. మరకలైపోయేయని తడి పీచెట్టి తోమేను."

"కొబ్బరి పీచుతోనా!"

"మెత్తగానే తోమేనండీ!"

నాకు తల బాదుకోవాలనిపించింది. రత్నకుమారిగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "పోనీలెండి, తళతళ్లాడిపోతోంది" అన్నారు.

మూత మీద కంపెనీ పేరొక్కటే మిగిలింది. ఆ కంపెనీ సైటులో కనిపించిన కెమెరా డ్రైవర్లన్నీ ఒక్కొక్కటే దింపి ఎక్కించాను. ఒక్కటీ అతకలేదు. ఎండెక్కిపోతోంది. "ఇంక రాదండీ. ఫోన్లోనే మాట్లాడుకోమనండి" అనేశాను. వెంకాయమ్మగారి మొహం పాలిపోయింది. వెంటనే నా జడ మీద చెయ్యి పడింది.

"రాదని నీకెవరు చెప్పేరే? నీకు దొరకలేదు, అంతే. తెలిసినోళ్ళని అడుగు. అడిగితే కిరీటమేవన్నా పడిపోద్దా?"

మింగలేక కక్కలేక, అమలాపురంలో రిపేర్ల షాపు పెట్టుకున్న మా క్లాస్‌మేట్‌కి ఫోన్ చేశాను. "చీటీ పోతే పోయింది. ఆ కెమెరా వివరాల్లోకి వెళ్ళు, దాని సొంత నంబరు లోపలే ఉంటది. అది నెట్లో వెతుకు" అన్నాడు. ఎగతాళి కూడా బోలెడు చేశాడనుకోండి. అతను చెప్పినట్టే చేశాను, ఈసారి డ్రైవరు అతికింది. తెర మీద చెమటతో జిడ్డోడుతున్న నా మొహం నాకే కనబడింది. అంత అందంగా నేనెప్పుడూ లేను!

ఆటోలో పరుగున వెళ్ళాం. పళ్ళెంలో బియ్యం పోసి, అందరూ ఎదురుచూస్తున్నారు. నెట్ కలిపి, పిల్ల మొహం కనబడేలా తెర వంచాను. అవతల కంపెనీ యూనిఫాంలో ఎవరో కదిలారు. మొహం చూద్దామని వంగేలోపే రత్నకుమారిగారు నా మోచెయ్యి పట్టుకుని లేపారు.

"మన పనైపోయింది, పద."

"ఒక్క నిమిషమండీ..."

"ఆ నిమిషం ఆళ్ళది."

చుట్టాలని కూడా "ఆయ్, మీరూ రండి, అక్షింతలు తరవాత వేద్దురుగాని" అంటూ అరుగు మీదకి తోలేసి తలుపు దగ్గరగా వేశారు. లోపల నుంచి మగగొంతు ఒకసారి "సిరీ" అంది. తరవాత ఎంతకీ వినబడలేదు. దుర్గ అంటోంది, "వింటోందండీ... మీకేసే చూస్తోంది. పిలవండి."

ఇప్పుడు రత్నకుమారిగారూ లేరు, ఆ సెంటరూ లేదు. ఆ తండ్రి మొహం ఎలా ఉంటుందో నాకు ఈనాటికీ తెలియదు. ఎవరి మిషను బాగుచేసినా, అవతలి మనిషి తెర మీదకి రాగానే నేను లేచి బయటికి వచ్చేస్తాను.