పాదచారి గారి ఫోల్డర్లు

మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆయన్ని అందరూ పాదచారి గారనేవారు. ప్రోగ్రామ్‌లో ఏ ముక్క కావాలన్నా మేము సెర్చ్‌లో ఓ మాట కొట్టి నేరుగా అక్కడ వాలేవాళ్ళం. ఆయన మాత్రం ఫోల్డర్ తెరిచి, అందులో ఇంకో ఫోల్డర్ తెరిచి, దారిలో కనిపించిన ప్రతి ఫైలునూ పలకరించి మరీ వెళ్ళేవారు. మా అరనిమిషం పని ఆయనకు అరగంట. ఇంట్లోనూ అంతేనట. ఉప్పు కావాలంటే అలమర పై అర నుంచి మొదలుపెడతారని, అయితే మూత సరిగ్గా పెట్టని డబ్బాలన్నీ ఆయన కంటనే పడతాయని వాళ్ళావిడ చెప్పింది.

కొత్తగా వచ్చిన మేనేజరుకు ఆయన కంట్లో నలుసయ్యారు. "సెర్చ్‌లో దొరకలేదంటే అది లేనట్టేనండీ. నెలాఖరుకి అలవాటు చేసుకోండి, లేదంటే వేరే ఉద్యోగం చూసుకోండి" అని ముఖం మీదే చెప్పేశాడు. పాదచారి గారు తలూపి, మళ్ళీ మొదటి ఫోల్డర్ తెరిచారు.

ఆ వారమే మేనేజరు ఎవరూ వాడని ఫైళ్ళన్నీ తీసేయమన్నాడు. ఫైలు పేరు సెర్చ్‌లో కొట్టాలి, ఇంకెక్కడా కనిపించకపోతే పీకేయాలి. పీకిన చేతులు నావే.

పాదచారి గారు నా కుర్చీ వెనక నిలబడి, "ఆ నాలుగోది ఉంచమ్మా. దాని పేరు ఎక్కడా పూర్తిగా రాసుండదు. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు రెండు ముక్కలు కలిపి పిలుస్తుంది" అన్నారు.

"సున్నా చూపిస్తోందండీ" అన్నాను. ఎదురుగా ఉన్న మనిషిని వదిలి సున్నాను నమ్మాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మర్నాడు మా సాఫ్ట్‌వేర్ వాడే ఆసుపత్రిలో డిశ్చార్జి కాగితాలు రావడం ఆగిపోయింది. జబ్బు నయమైనవాళ్ళు మూటాముల్లె సర్దుకుని మంచాల మీదే కూర్చున్నారు. పాదచారి గారు తన నడక తాను నడిచి, లోపం పట్టుకుని, ఆ ఫైలును తిరిగి పెట్టించారు.

ఇక ఆయన ఉద్యోగానికి ఢోకా లేదనుకున్నాం. మేనేజరు మనకంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు. "మీ బుర్రలో ఉన్నదంతా రాసివ్వండి, అందరికీ పనికొస్తుంది" అన్నాడు. ఆ పిచ్చి మారాజు మూడు నెలలు కూర్చుని ఆరువందల పేజీలు రాశారు. ముగించిన మర్నాడే మేనేజరు వీడ్కోలు సభ జరిపి, ఆయన చేతిలో ఓ పూలగుత్తి పెట్టి ఇంటికి పంపేశాడు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే అదే. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను.

రెండు వారాలకు కాగితాలు మళ్ళీ ఆగాయి. మేనేజరు ఆ ఆరువందల పేజీల్లో 'డిశ్చార్జి' అని కొట్టాడు. నాలుగువందల పన్నెండు చోట్ల ఉంది. 'కాగితం రావడం లేదు' అని కొట్టాడు. సున్నా. కాసేపు గోళ్ళు కొరుక్కుని, చివరికి నా ఫోను అడిగి తీసుకుని ఆయనకే చేశాడు.

"సార్, ఏ మాట కొట్టమంటారు?"

"ఏమీ కొట్టకండి. మొదటి ఫోల్డర్ తెరవండి" అన్నారు పాదచారి గారు. "నెమ్మదిగానే వెళ్దాం. నాకిప్పుడు ఆఫీసు టైము కూడా లేదు కదా."